కష్టపడేవాడు ఓడిపోయే ఆట

"మామయ్యా, వీడి మొహం ఒక్కటే నీట్‌గా ఉంది. వెనకాల గోడేంటి అంత మసగ్గా ఉంది?"

అడిగింది మా అక్క కొడుకు. తొమ్మిది అయిపోయి పదిలోకి వెళ్తున్నాడు. రెసిడెన్షియల్‌లో వేశారు, ఐఐటీ ఫౌండేషన్ అట. క్లాసులు మొదలవడానికి పది రోజులుంటే ఆ పది రోజులూ మా ఇంట్లో ఉండి వెళ్దామని వచ్చాడు. నేను ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఫైనల్ ఫాంటసీ 8 అనే పాత వీడియో గేమ్ రీమాస్టర్ (మెరుగులు దిద్దిన కొత్త వెర్షన్) ఆడుతుంటే చిప్స్ ప్యాకెట్ పట్టుకుని పక్కన చేరాడు. చేరిన రెండు నిమిషాలకే ఈ ప్రశ్న.

వాడన్నది నిజమే. ఆట హీరో స్క్వాల్ జుట్టు పాయలు పాయలుగా కనపడుతోంది. జాకెట్ కాలర్‌కున్న బొచ్చు కనపడుతోంది. కనుబొమల మధ్య గాటు ఇప్పుడే పడ్డట్టుంది. వాడు నడుస్తున్న బాలాంబ్ గార్డెన్ వరండా మాత్రం వానకి తడిసిన అద్దంలోంచి చూస్తున్నట్టుంది.

దీనికో కారణముంది. ఈ ఆట 1999 ఫిబ్రవరి 11న జపాన్‌లో మొదటి ప్లేస్టేషన్ మీద నాలుగు సీడీల్లో వచ్చింది. అప్పట్లో ఆ పెట్టెకి ఒక వీధినో తరగతి గదినో ఇంత వివరంగా త్రీడీలో గీసే ఓపిక లేదు. అందుకని ఆట తయారుచేసిన స్క్వేర్ కంపెనీ వాళ్ళు పరిసరాలన్నీ ముందే పెద్ద కంప్యూటర్ల మీద కట్టి, ఫొటో తీసినట్టు ఒక్కో చోటునీ ఒక్కో బొమ్మగా మార్చి, ఆ బొమ్మల్ని బాగా చిన్నవి చేసి సీడీలోకి ఎక్కించారు. త్రీడీ మనుషులు ఆ బొమ్మ ముందు నడుస్తుంటారు. సురభి నాటకంలో వెనక వేలాడే రాజదర్బారు తెర ఉంటుంది చూడండి, సరిగ్గా అదే. 2019 సెప్టెంబర్ 3న వచ్చిన రీమాస్టర్‌లో పాత్రధారులకి కొత్త మేకప్ వేశారు. తెర పాతదే కట్టారు.

తెర మార్చాలంటే అసలు ఫైళ్ళు కావాలి. ఆట విడుదలయ్యాక అలాంటివి జాగ్రత్తగా దాచే అలవాటు ఆ తరం స్టూడియోలకి పెద్దగా లేదు. ఇదే కంపెనీ కింగ్‌డమ్ హార్ట్స్ మొదటి ఆటని 2013లో హెచ్‌డీ చేయబోతే అసలు డేటా పోయిందని తేలింది, చాలా భాగం మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. వాళ్ళని అనడానికి మనకీ నోరు లేదనుకోండి. మూకీల కాలంలో తీసిన మన సినిమాల రీళ్ళు ఏమయ్యాయని అడిగితే తెలుస్తుంది మన సంగతి.

ఇదంతా వాడికి చెప్పాను. "అయితే పాత గోడల మీద కొత్త మనుషులన్నమాట" అని చిప్స్ నమలడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది సమీక్షకులు ఈ రీమాస్టర్ గురించి మాట్లాడేది ఈ గోడల దగ్గరే మొదలై ఇక్కడే ఆగిపోతుంది. నా గొడవ వేరు. ఈ ఆట మీద పాతికేళ్ళుగా ఒక నింద ఉంది: దీని సిస్టమ్ చెడిపోయింది, చేతకానివాడు రాసిన లెక్క ఇది అని. నేనూ పదిహేడేళ్ళు ఆ నింద మోశాను. రెండోసారి మొదలుపెట్టి పూర్తి చేశాక ఇప్పుడు అంటున్నాను, ఆ లెక్క తప్పు కాదు. ఈ ఆట చెప్పదలుచుకున్న కథంతా ఆ లెక్కలోనే ఉంది. దాన్ని మనకి కనపడకుండా చేస్తున్నది రీమాస్టర్‌లో కొత్తగా పెట్టిన మూడు బటన్లు.

ముందు నా పరువు తీసుకునే కథ చెప్తాను.

2003లో ఎంసెట్ రాసి కౌన్సెలింగ్ ఎప్పుడా అని ఖాళీగా ఉన్న నెలల్లో మల్కాజిగిరిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. పెద్దమ్మ కొడుక్కి పెంటియం త్రీ కంప్యూటర్ ఉండేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక షాపువాడి దగ్గర ఐదు సీడీల కట్ట తెచ్చాడు అన్నయ్య, ఒకటి ఇన్‌స్టాల్‌కి, నాలుగు ఆటకి. సీడీల మీద పేర్లు మార్కర్‌తో రాసున్నాయి. అవి ఎలాంటి సీడీలో వేరే చెప్పక్కర్లేదు. దొంగ సీడీ అని తెలిసే కొన్నాం. 2019లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల కొట్లో డబ్బు కట్టినప్పుడు ఆ బాకీ తీరిందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆట మొదలైంది. సముద్రం, పూలతోట, లాటిన్‌లో కోరస్ పాట, ఇద్దరు కుర్రాళ్ళు కత్తులతో కొట్టుకోవడం. మేమిద్దరం నోరు తెరుచుకుని చూశాం. అది అయిపోగానే హీరో ఆస్పత్రి మంచం మీద లేచాడు. అక్కణ్ణుంచి వాడు వెళ్ళింది క్లాస్‌రూమ్‌కి.

"ఏంట్రా ఇది, కాలేజీ గేమా?" అన్నాడు అన్నయ్య.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. రెండేళ్ళు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివి అప్పుడే బయటపడ్డాను. బాలాంబ్ గార్డెన్ అనేది కిరాయి సైనికుల్ని తయారుచేసే హాస్టల్ బడి. చిన్న పిల్లలప్పుడే చేర్చుకుంటారు, 20 దాటితే ఉండనివ్వరు. రాత్రి పూట వరండాల్లో తిరగకూడదు. డిసిప్లిన్ కమిటీ ఉంది. క్యాంటీన్‌లో జెల్ అనే కుర్రాడు పరుగెత్తుకెళ్ళే సరికి రోజూ హాట్‌డాగ్‌లు అయిపోతాయి. మా మెస్‌లో ఆదివారం చికెన్ సంగతి గుర్తొచ్చింది. సీడ్ అనే హోదా కోసం ఫీల్డ్ పరీక్ష పెడతారు. పరీక్ష అయ్యాక ఒక్కో పద్దు కింద ఎన్ని మార్కులొచ్చాయో తెర మీద వేస్తారు. పరీక్ష మధ్యలో అనవసరంగా వేరేవాళ్ళతో మాట్లాడితే కోత. పాసైతే జీతం. ర్యాంకు పెరగాలంటే మెనూలోకి వెళ్ళి రాతపరీక్షలు రాయాలి: మొత్తం 30 స్థాయిలు, ఒక్కోదాంట్లో పది ప్రశ్నలు, అవును-కాదు జవాబులు, పదికి పదీ రావాలి. ఊరికే రాసుకున్న హంగు కాదిది. ఈ ఆటలో రాక్షసుల్ని చంపితే డబ్బు రాదు. జీతమే గతి. ర్యాంకు బట్టి జీతం, ఒకటో ర్యాంకుకి 500 గిల్, చిట్టచివరిదైన 'ఏ' (A) ర్యాంకుకి 30,000.

ఇంక నన్ను పట్టుకునేదెవరు? రెండేళ్ళపాటు నాకు నేర్పిన ఒకే ఒక విద్య ఈ ఆటకి పనికొస్తుందనుకున్నాను. కూర్చో, చదువు, మళ్ళీ చదువు, పక్కవాడికంటే ఒక గంట ఎక్కువ చదువు. గార్డెన్ ట్రైనింగ్ సెంటర్‌లో టీ-రెక్సార్ అనే డైనోసార్ తిరుగుతుంటుంది. రోజుకి నాలుగైదు గంటలు దాన్ని కొట్టడమే పని. అన్నయ్య కాలేజీకి వెళ్ళి వచ్చేసరికి కూడా నేను అక్కడే ఉండేవాణ్ణి. "చదువైనా గేమైనా వీడిదొకటే పద్ధతి" అని పెద్దమ్మతో చెప్పి నవ్వేవాడు. కథ సగం నడవకుండానే స్క్వాల్ లెవెల్ 70 దాటింది. గర్వంగా ఉండేది.

నాలుగో సీడీలో ఇరుక్కుపోయాను. కాలమంతా ఒక్కచోట కుదించుకుపోయాక అల్టిమీసియా అనే మంత్రగత్తె కోటలోకి వెళ్ళాలి. అక్కడ అడుగుపెట్టగానే మన విద్యలన్నిటికీ తాళం పడుతుంది: ఐటెమ్, మ్యాజిక్, డ్రా, చివరికి సేవ్ కూడా. ఒక్కో బాస్‌ని కొడితే ఒక్కోటి తిరిగి వస్తుంది. నేను ఒక్క బాస్‌ని కూడా కొట్టలేకపోయాను. వెనక్కి వెళ్ళి ఏమైనా సర్దుకుందామంటే నాలుగో సీడీలో ఊళ్ళన్నీ మూసేసుంటాయి. నాకున్నది ఒక్కటే సేవ్. సీడీ మార్చమన్నప్పుడు దాని మీదే మళ్ళీ సేవ్ చేశాను. రెండు సేవ్‌లు పెట్టుకోవాలన్న బుద్ధి అప్పటికి లేదు. వారం కొట్టుకున్నాను. కౌన్సెలింగ్ వచ్చింది, వెళ్ళిపోయాను. ముగింపు చూడలేదు. "వేస్ట్ గేమ్, సిస్టమే తప్పు" అని ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్‌లో అందరికీ చెప్పాను.

ఏం జరిగిందో అర్థమవడానికి ఈ ఆట లెక్క కొంచెం చెప్పుకోవాలి. మిగతా ఆటల్లో ఎంత యుద్ధం చేస్తే అంత బలం. ఇక్కడ లెవెల్ పెరిగితే మనకి దక్కేది చారెడు. శత్రువులు మాత్రం మన జట్టు సగటు లెవెల్‌ని బట్టి మనతోపాటే పెరుగుతారు, అదీ గంపెడు. అసలు బలం వచ్చేది మంత్రాల్ని ఒంటికి కట్టుకోవడం వల్ల. దాన్నే జంక్షన్ అంటారు. క్యూరాగా అనే మంత్రాలు వంద పోగేసి హెచ్‌పీకి, అంటే ప్రాణబలానికి, కట్టుకుంటే హెచ్‌పీ వేలల్లోకి వెళ్తుంది. ఇంకో మంత్రం బలానికి, ఇంకోటి వేగానికి. కట్టుకున్న మంత్రాన్ని యుద్ధంలో వాడితే కట్ట తరిగిపోతుంది, బలమూ తరిగిపోతుంది. నేనేమో ఎడాపెడా వాడి పారేశాను. లెవెల్ 70 స్క్వాల్ లోపల డొల్ల. వాడి ఎదురుగా ఉన్నవాళ్ళు మాత్రం లెవెల్ 70 రాక్షసులు, వాళ్ళు డొల్ల కాదు.

ఈ లెక్క రాసినవాడు ఇటో హిరోయుకి. ఫైనల్ ఫాంటసీ నాలుగో భాగానికి గడియారంతో నడిచే యుద్ధ పద్ధతి తయారుచేసిన మనిషి. ఏమీ తెలియక రాసినవాడు కాదు. పైగా ఎంత మెత్తగా వల వేశాడో చూడండి. ఏ లెవెల్ నుంచి ఏ లెవెల్‌కి వెళ్ళాలన్నా సరిగ్గా 1,000 ఎక్స్‌పీ (యుద్ధాల్లో వచ్చే అనుభవం పాయింట్లు) చాలు, పైకి వెళ్ళేకొద్దీ పెరగదు. రా, ఎక్కు, ఎంతసేపైనా ఎక్కు అని పిలుస్తున్నట్టుంటుంది. బాస్‌లని కొడితే మాత్రం ఎక్స్‌పీ అసలు రాదు. అంటే కథ నడుపుకుంటూ పోయేవాడు చిన్నగానే ఉంటాడు, చిన్నగా ఉన్నవాడికి శత్రువులూ చిన్నగానే ఉంటారు. గానుగెద్దులా తిరిగేవాడే పెరిగి, పెంచి, మునుగుతాడు.

2020 లాక్‌డౌన్‌లో రీమాస్టర్ తెరిచినప్పుడు ఈసారి యుద్ధాలు మానేసి పేకాటకి కూర్చున్నాను. నిజంగానే పేకాట. ట్రిపుల్ ట్రయాడ్ అని ఆట లోపల ఇంకో ఆట ఉంది. మూడు బై మూడు గళ్ళు, చెరి ఐదు కార్డులు, కార్డుకి నాలుగు వైపులా నాలుగు అంకెలు. మన అంకె పెద్దదైతే పక్క కార్డు మనదవుతుంది. మొత్తం 110 కార్డులు. దారిన పోయేవాడెవడితోనైనా ఆడొచ్చు. ప్రపంచం మునిగిపోతుంటే స్క్వాల్ ఒక చిన్నపిల్లాణ్ణి ఆపి "కార్డులాడదామా" అంటాడు. ఇంత పరమ లౌకికుడైన వీరుడు ఇంకో ఆటలో లేడు.

ఈ కార్డులే అసలు ఖజానా అని అప్పుడు తెలిసింది. క్విస్టిస్ అని మనకి పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంది, వయసు 18. ఆమెకి గార్డెన్‌లోనే అభిమాన సంఘం ఉంది. ఆ అభిమానుల్లో ఒకడి దగ్గర ఆమె కార్డు ఉంటుంది. అది గెలిచి కరిగిస్తే మూడు సమాంతా సోల్స్ అనే వస్తువులు వస్తాయి. ఒక్కోటి కరిగిస్తే 60 ట్రిపుల్ మంత్రాలు. ఆట చివరి భాగంలో దొరకాల్సిన మంత్రం, మొదటి సీడీలోనే 180 చేతికొస్తుంది. మామూలు గుడారం ఒకటి కరిగిస్తే పది క్యూరాగాలు. కొట్లో గుడారాలు పది కొంటే వంద. అంతే, మొదటి సీడీలోనే మన వాళ్ళు ఏనుగులైపోతారు. రాక్షసుల్ని కూడా చంపకుండా కార్డులుగా మార్చేస్తే ఎక్స్‌పీ రాదు, శత్రువులు పెరగరు. 2003లో నన్ను మట్టి కరిపించిన ఆట ఈసారి లెవెల్ 20 లోపు కుర్రాళ్ళ ముందు దూదిపింజలా ఎగిరిపోయింది.

"అదేగా మా వాదన, అందుకేగా చెడిపోయిందంటున్నాం" అంటారు తిట్టేవాళ్ళు. అక్కడికే వస్తున్నాను. రీమాస్టర్‌లో పెట్టిన మూడు బటన్లు ఇవి: ఒకటి, ఆట మూడు రెట్ల వేగంతో నడుస్తుంది. రెండు, యుద్ధంలో హెచ్‌పీ తరిగినా మళ్ళీ నిండిపోతుంది, బ్రహ్మాస్త్రాల్లాంటి లిమిట్ బ్రేక్‌లు ఎప్పుడంటే అప్పుడు వాడుకోవచ్చు. మూడు, దారిలో రాక్షసులు ఎదురవరు.

మూడోది తీసుకోండి. టింబర్ ఊరికి మొదటి పని మీద బయల్దేరుతుంటే గార్డెన్ పెద్ద సిడ్ గారు స్క్వాల్ చేతిలో ఒక దీపం పెడతారు, బహుమతి అన్నట్టు. అది వెలిగిస్తే డయాబ్లోస్ అనే భూతం బయటికొచ్చి మీద పడుతుంది. ఇంత ప్రేమగా ఇచ్చేదేంటో చెప్పడు పెద్దమనిషి. దాన్ని ఓడిస్తే మన చేతి కింద పనిచేస్తుంది. దానికి నేర్పించగల విద్యల్లో ఒకటి, దారిలో ఎవరూ ఎదురవకుండా చేయడం! అంటే మూడో బటన్ 1999లోనే ఆటలో ఉంది. రెండోదీ ఉంది. లగూనా కార్డు కరిగిస్తే వంద హీరో మందులు వస్తాయి. అవి తాగినవాణ్ణి కాసేపు ఎవరూ ఏమీ చేయలేరు. ఆరా అనే మంత్రం వేసుకుంటే లిమిట్ బ్రేక్‌లు వరసపెట్టి వస్తాయి. కొత్తగా ఇచ్చామంటున్న చీట్‌లన్నీ పాత ఆట జేబులోనే ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ ఎవరినైనా అడిగి, ఏదైనా చదివి, గోకి చూసి కనుక్కోవాలి. ఇక్కడ జాయ్‌స్టిక్ నొక్కితే చాలు.

మా మేనల్లుడు రెండోరోజు కంట్రోలర్ తీసుకుని ఆ రెండో బటన్ నొక్కేశాడు. డోలెట్‌లో సాలెపురుగు లాంటి పెద్ద మరబొమ్మ ఊరంతా వెంటపడి తరుముతుంది, ఆట మొత్తంలో నాకు ఇష్టమైన పది నిమిషాలు. నేను 2003లో కీబోర్డు విరిగేలా పరిగెత్తిన చోట వీడు ఆవలించాడు. తప్పు వాడిది కాదు. ప్రాణం పోదని తెలిశాక ఎవడు పరిగెత్తుతాడు? కష్టం ఎక్కువైంది కాబట్టి కష్టం తీసేద్దామనుకున్నారు రీమాస్టర్ చేసినవాళ్ళు. ఈ ఆటలో సమస్య ఎప్పుడూ కష్టం కాదు. ఏది కష్టపడాల్సిన పనో, ఏది కాదో తెలియకపోవడం.

మొదటి బటన్‌కి మాత్రం దండం పెడతాను. మూడు రెట్ల వేగం లేకపోతే ఈ వయసులో ఈ ఆట నేను ముగించేవాణ్ణి కాదు. జీఎఫ్‌లని, అంటే డయాబ్లోస్‌లాంటి భూతాల్ని, పిలిచిన ప్రతిసారీ వచ్చే ఆ సినిమా, చివరిదైన ఈడెన్‌ది నిమిషం దాటుతుంది, పాత ఆటలో ఆపడానికి లేదు. అలాగే డ్రా. శత్రువు ఒంట్లో ఉన్న మంత్రాన్ని లాగి మన సంచిలో వేసుకోవడం: ఒక్క లాగుడికి మూడో ఐదో తొమ్మిదో, ముగ్గురికీ తలో వంద. బోరింగ్ పంపు కొట్టినట్టు కొడుతూ కూర్చోవాలి. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాటల్లేవు. ఇటో గారికి ఎవరైనా ఆ రోజుల్లో చెప్పుండాల్సింది. చెప్పే తీరు కూడా దరిద్రం. ఆట మొదట్లో పాఠాలు చెప్పే తెరలు ఇంటర్ ఫిజిక్స్ మెటీరియల్ కంటే అధ్వానం, కార్డుల్లో ఖజానా ఉందని గట్టిగా ఒక్కరూ అనరు.

కథ సంగతి. ఈ ఆట గురించి మాట్లాడితే అందరూ నవ్వే చోటొకటుంది. రెండో సీడీలో ట్రాబియా గార్డెన్ అనే ఇంకో బడి క్షిపణులకి కూలిపోతుంది. ఆ శిథిలాల్లో బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర మనవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుంటుంటే ఇర్విన్ అనేవాడు మెల్లగా చెప్తాడు, మనమంతా చిన్నప్పుడు ఒకే అనాథాశ్రమంలో పెరిగాం, మీకెవరికీ గుర్తులేదా అని. మనల్ని చంపబోయిన మంత్రగత్తె ఈడియానే ఆ ఆశ్రమంలో మనకి అన్నం పెట్టిన అమ్మ అని. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు కుటుంబ పాట పాడుకుని కలుసుకోవడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తెలుగువాణ్ణి, నాకే 2003లో నవ్వొచ్చింది. ఒకరికి గుర్తులేదంటే సరే, ఆ గుంపులో ఒక్కడికి తప్ప ఎవరికీ గుర్తులేదంటే ఎలా నమ్మేది?

ఎందుకు గుర్తులేదో ఆట చెప్తుంది, అప్పుడు నేను వినలేదు. మంత్రాల్ని ఒంటికి కట్టుకోవాలంటే మధ్యలో ఒక జీఎఫ్ ఉండాలి, ఒక శక్తి మన బుర్రలో కాపురం పెట్టాలి. అది చోటు చేసుకోవడానికి అక్కడున్న జ్ఞాపకాల్ని తోసేస్తుంది. ఇర్విన్ అప్పటిదాకా వాడలేదు కాబట్టి వాడికి గుర్తుంది. సెల్ఫీ అనే అమ్మాయి (1999లో ఆ పేరుకి వేరే అర్థం లేదు) అప్పుడు ఒప్పుకుంటుంది, పన్నెండేళ్ళప్పుడు ఒక శిక్షణలో తనకో జీఎఫ్ దొరికిందని, కొన్నాళ్ళు దాన్ని వాడిందని. దాని పేరేంటంటే అదీ గుర్తులేదు. అందరూ విన్నాక తేలేదేంటంటే, వాడడం మానేది లేదు. గెలవాలంటే ఇదే దారి, కాబట్టి కానిద్దాం అంటారు పదిహేడేళ్ళ పిల్లలు. మాట్లాడుకోవడం అయిపోగానే మనం మెనూ తెరిచి మళ్ళీ జంక్షన్ చేస్తాం.

లాక్‌డౌన్‌లో ఈ చోటికి వచ్చినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నాను. అంతకు వారం ముందే మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నన్ను కలిపారు. ఎవరో ఒక ఫొటో పెట్టారు, డాబా మీద పన్నెండు మంది బనియన్లతో నిలబడ్డ ఫొటో. అందులో నేనున్నాను. నా భుజం మీద చెయ్యి వేసినవాడెవడో ఎంత ఆలోచించినా తెలియలేదు. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నామట. సైన్ త్రీ తీటా అంటే మూడు సైన్ తీటా మైనస్ నాలుగు సైన్ క్యూబ్ తీటా అని నిద్రలో లేపినా చెప్తాను. ఆ ట్యూబ్‌లైట్ కింద నా పక్కన కూర్చుని అదే బట్టీపట్టినవాడి పేరు రాదు. ఆ గ్రూపులో అన్నీ గుర్తున్నవాడు ఒక్కడే: మొదటి సంవత్సరం మధ్యలో నావల్ల కాదని ఏడ్చి ఇంటికి వెళ్ళిపోయినవాడు. ఎవరు ఏ మంచం, ఎవరి ట్రంకు పెట్టెకి ఏ తాళం, ఎవరింటి నుంచి సున్నుండలు వచ్చేవి, అన్నీ వరసగా రాస్తున్నాడు. మిగతావాళ్ళం బొటనవేళ్ళు పెడుతున్నాం.

అందుకే ఆ సిస్టమ్‌ని చెడిపోయిందంటే నేనిప్పుడు ఒప్పుకోను. కథ ఒకవైపు, లెక్క ఒకవైపు ఉండే ఆటలు ఎన్నో ఉన్నాయి. వీరుడు తెర మీద ఏడుస్తుంటాడు, మనం ఎక్స్‌పీ లెక్కపెట్టుకుంటుంటాం. ఇక్కడ రెండూ ఒకటే. దేన్నో అమ్ముకుంటే తప్ప బలం రాదు, ఎక్కువ రుబ్బితే ఎదుటివాడే బలిసిపోతాడు. స్క్వాల్ ఎవరితోనూ మాట్లాడడు. క్విస్టిస్ వచ్చి మనసులో మాట చెప్పుకోబోతే గోడతో చెప్పుకో అంటాడు. మొదట్లో మనకి పొగరుబోతులా కనపడతాడు. రెండోసారి ఆడితే, వాడికి తనెవరో సగం గుర్తులేదని తెలిసి ఆడతాం. ఆ మౌనం వేరేలా వినపడుతుంది.

మూడో సీడీలో కథ పట్టు తప్పుతుందన్నది నిజం. చంద్రుడి మీంచి రాక్షసులు ఊడిపడటం, అంతరిక్షంలోకి వెళ్ళి రావడం, అల్టిమీసియాకి ఈ కోపమెందుకో ఎవరూ సరిగా చెప్పకపోవడం, ఇవి నేను కప్పిపుచ్చను. ఏడో భాగం 1997లో ప్రపంచాన్ని ఊపేశాక రెండేళ్ళలో ఇంకోటి తేవాల్సిన తొందర ఈ మూడో సీడీలో నాకు కనపడుతుంది. అంతరిక్షంలో ఫే వాంగ్ పాడిన పాట మొదలైనప్పుడు మాత్రం ఇవేవీ గుర్తుండవు. పెద్దమ్మ వాళ్ళింట్లో నేపథ్య సంగీతమంతా చవక సౌండ్‌కార్డు మీద కాసియో కీబోర్డులా వినపడేది. ఈ ఆటకి బాణీలు కట్టిన ఉఎమాత్సు సంగీతం ఏంటో నాకు నిజంగా తెలిసింది 2020లోనే.

ముగింపు కూడా అప్పుడే చూశాను. అల్టిమీసియాని ఓడించాక స్క్వాల్ ఒక్కడే ఎండిపోయిన నేల మీద దారి తప్పుతాడు. తను ప్రేమించిన రినోవా మొహం గుర్తుచేసుకోవాలని చూస్తాడు. ఇద్దరూ నాట్యం చేసిన ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఆమె మొహం చెదిరిపోతుంది, మసకబారుతుంది. ఒక క్షణం స్క్వాల్ మొహం ఉండాల్సిన చోట నల్లటి గొయ్యి. పాత వీడియోనే సాగదీశారు, అక్కడక్కడా గళ్ళు గళ్ళుగా కనపడుతుంది. అది చూసి ఇంకొంచెం శుభ్రం చేసి ఉండాల్సింది అని నాకు అనిపించలేదు.

గోడల విషయంలో మాత్రం అనిపించింది. మసక జ్ఞాపకానికి మసక గోడలే సరిపోయాయని ఎవరో ఎక్కడో రాస్తారు, చదవడానికి అందంగా కూడా ఉంటుంది. నేనది రాయను. 80 లక్షలకు పైగా అమ్ముడైన ఆట అది, దాని గోడలు దాచుకోలేకపోవడం అజాగ్రత్తే.

మా వాడికి ఐదోరోజుకి బటన్ మీద మోజు తీరింది. ఆరోరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండు రెట్ల కోపంతో కూర్చునున్నాడు. క్విస్టిస్ కార్డు కోసం పదిహేను ఆటలాడి ఓడిపోయాడట. కార్డులాటలో ఏ బటనూ పనిచేయదు, మూడు రెట్ల వేగంతో ఓడిపోవచ్చు, అంతే. తొమ్మిదోరోజు పొద్దున నన్ను లేపి చూపించాడు, గెలిచాడు. పదోరోజు అక్కా బావా వచ్చి ట్రంకు పెట్టెతో సహా తీసుకెళ్ళి దింపారు.

హాస్టల్‌లో ఆదివారం పది నిమిషాలు ఫోనిస్తారు. మొదటి ఆదివారం వాళ్ళమ్మతో ఎనిమిది నిమిషాలు మాట్లాడి, మిగిలిన రెండు నిమిషాలకి నాకు చేశాడు. తిండి బానే ఉందన్నాడు. వీక్లీ టెస్టులో ఎన్నో ర్యాంకో చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి,

"మామయ్యా, నా సేవ్ అలాగే ఉందా?"

"ఉందిరా. నిన్ననే చూశా. నీ క్విస్టిస్ కార్డు కరిగించెయ్యనా? నూట ఎనభై ట్రిపుల్స్ వస్తాయి, నువ్వొచ్చేసరికి ఒక్కొక్కడూ ఏనుగై ఉంటాడు."

"వద్దు వద్దు. ముట్టుకోకు. దాన్ని అలాగే ఉండనీ."

వెనక ఎవరో టైమైపోయిందని అరుస్తున్నారు.